బాపు, నేను, పికప్ స్టీరింగు

పోయిన నెల సూరత్ శివారులోని ఉన్‌లోని గది ఖాళీ చేసి ఆల్థాన్‌లో అద్దెకు తీసుకున్న ఫ్లాటుకు మారుతుంటే, మా అమ్మ, అదే మా అవ్వ, పెళ్ళినాటి రేకుపెట్టె అడుగున ఒక గుడ్డమూట దొరికింది. విప్పితే అరచేతిలో ఇమిడే ఇనుప ముక్క. ఒక కొసన గుండ్రటి గుబ్బ, దాని మీద పగిలిపోయిన రబ్బరు తొడుగు, రెండో కొసన మరలు. గుబ్బలోంచి పొడుచుకొచ్చిన కడ్డీని వేలితో తాకితే వదులైన పన్నులా అటూ ఇటూ ఊగింది. సామాను మోయడానికి వచ్చినాయన "ఇది తుక్కు కబాడ్‌లో వేసెయ్యనా?" అని హిందీలో అడిగాడు. వద్దన్నాను. అది మా పాత పికప్ టై రాడ్ కొస. స్టీరింగు తిప్పితే ఆ తిప్పుడును ముందు చక్రానికి చేరవేసే కీలు. దాన్ని బండి కింద వెల్లకిలా పడుకొని ఊడదీసింది నేనే. నాకప్పుడు యాభై ఆరేళ్ళు. మున్సిపల్ స్కూల్లో తెలుగు మీడియం పిల్లలకు లెక్కలు చెప్పే టీచరును. ఊరంతా తలుపులు వేసుకొని కూర్చున్న మొదటి లాక్‌డౌన్ రోజులవి. పాత ముక్కను మూటగట్టి అవ్వ పెట్టెలో దాచింది మా నాన్న, బాపే అయి ఉండాలి. ఎందుకు దాచాడో నాకు చెప్పలేదు.

బాపు గురించి చెప్పాలంటే ముందు ఆయన చెవుల గురించి చెప్పాలి. సిరిసిల్ల పక్క పల్లె నుంచి చేతిమగ్గం వదిలి సూరత్ వచ్చి, పవర్‌లూమ్ కార్ఖానాలో చేరినప్పుడు ఆయనకు ఇరవై దాటలేదట. నేను పుట్టేసరికే సగం వినికిడి పోయింది. నేను బడికి పోయే నాటికి మిగతా సగం కూడా దాదాపు పోయింది. లింబాయత్‌లో మా గదికీ కార్ఖానాకూ మధ్య ఒక్క గోడే అడ్డం. మగ్గాలు నడుస్తుంటే మా బిందెలో నీళ్ళు ఎప్పుడూ సన్నగా వణుకుతుండేవి. గోడకు కొట్టిన మేకులు వారానికొకసారి వదులయ్యేవి. గంజి పట్టించిన నూలు వాసన, మెషీన్ ఆయిల్ వాసన, పక్కింటి గుజరాతీ వాళ్ళు పప్పులో బెల్లం వేసి పెట్టే పోపు వాసన, మా అవ్వ పొయ్యి మీద కాలే సర్వపిండి వాసన, ఇవన్నీ కలిసి నా బాల్యానికి ఒకే వాసన. ఇప్పటికీ కొత్త గుడ్డల కొట్లోకి అడుగు పెడితే ఆ గంజి వాసన ముక్కుకు తగిలి ఆకలేస్తుంది.

కార్ఖానాలో ఎంత అరిచినా ఎవరి మాటా ఎవరికీ వినపడదు. అందుకని మగ్గాల మనుషులు గొంతు వాడరు. పెదవులు కదుపుతారు, వేళ్ళు కదుపుతారు. నాలుగు మగ్గాల అవతల ఉన్నవాడితో పెళ్ళి కబుర్లు, చావు కబుర్లు అన్నీ అలాగే చెప్పుకుంటారు. బాపు ఆ విద్యను ఇంటికి తెచ్చాడు. అవ్వ ఆయనతో గొంతు లేకుండా మాట్లాడేది. పొయ్యి ముందు కూర్చొని, ఆయన వైపు మొహం తిప్పి, "గట్క తింటవా, బువ్వ తింటవా" అని పెదవులతో అడిగేది. ఆయన మాత్రం గట్టిగా, వాడంతా వినపడేలా "గట్కనే పెట్టు" అని జవాబిచ్చేవాడు. తన గొంతు ఎంత పెద్దదో ఆయనకు తెలియదు. వాళ్ళు పోట్లాడుకున్నా అంతే. సగం పోట్లాట మాత్రమే వాడకు వినిపించేది. బాపు ఎవరి మీద అరుస్తున్నాడో, అవ్వ ఏమందో ఎవరికీ తెలిసేది కాదు. అన్ని ఇళ్ళలోనూ అమ్మలు నాన్నలతో ఇలాగే చప్పుడు లేకుండా మాట్లాడతారని నేను చాలా కాలం అనుకున్నాను. ఒకసారి స్నేహితురాలి ఇంట్లో వాళ్ళమ్మ వాళ్ళ నాన్నను పేరు పెట్టి గట్టిగా కేకేయడం విని, వాళ్ళింట్లో ఏదో గొడవ జరుగుతోందని భయపడి ఇంటికి పరిగెత్తుకొచ్చాను.

ఆ పెద్ద గొంతుకు నేను సిగ్గుపడ్డాను. ఇది రాయడం కష్టంగానే ఉంది కానీ రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది. ఏడో తరగతిలో ఉన్నప్పుడు ప్రోగ్రెస్ కార్డు మీద సంతకానికి బడికి వచ్చి, మా సార్‌తో "నా బిడ్డ లెక్కలల్ల ఎట్లుంది?" అని అరిచాడు. మూడు తరగతుల పిల్లలు కిటికీల దగ్గరికొచ్చి నవ్వారు. సార్ కూడా నవ్వాపుకున్నాడు. ఆ సాయంత్రం ఇంట్లో ఆయన ఎదురుగా నిలబడి, గొంతు లేకుండా, ఒక్కో అక్షరం విడదీసి "బడికి రాకు బాపూ" అన్నాను. ఆయన నా పెదవుల వంక చూశాడు. రెండోసారి చెప్పమనలేదు. తలూపి, చొక్కా విప్పి దండెం మీద వేసి, బయటికెళ్ళి చేతులు కడుక్కున్నాడు. మళ్ళీ ఎన్నడూ రాలేదు. తర్వాత నేను అదే బడిలో టీచరుగా చేరిన రోజు కూడా గేటు దాకా వచ్చి అక్కడే ఆగిపోయాడు.

చెవులు పూర్తిగా పోయాక మగ్గం పని మానేసి, ఎవరో వాడి వదిలేసిన పికప్‌ను కొన్నాడు. సూరత్‌లో అందరూ దాన్ని టెంపో అనే అనేవారు. కార్ఖానాల నుంచి నూలు చుట్టిన బీములు, గుడ్డ తానులు మార్కెట్‌కు తోలేవాడు. ఒక్కోసారి ఇచ్ఛాపూర్ ఫ్యాక్టరీల దాకా పోయేవాడు. చెవులు వినపడని మనిషి బండెలా నడుపుతాడని అందరూ అడిగేవారు. ఆయనకు మూడు అద్దాలుండేవి. రెండు బండితో వచ్చినవి, మూడోది ఆయన కట్టుకున్నది. వెనక హారన్ కొట్టేవాడి చెయ్యి కదలడం కూడా అద్దంలో కనిపించేదని చెప్పేవాడు. బండిలో ఏ కీలు వదులైనా మామూలు డ్రైవర్లకు టకటక మని వినిపిస్తుంది. ఆయనకు వినిపించదు కాబట్టి అరచేతితో పట్టుకునేవాడు. సెలవురోజు పొద్దున్నే అవ్వను స్టీరింగు ముందు కూర్చోబెట్టి, చక్రాన్ని బెత్తెడు అటూ బెత్తెడు ఇటూ ఊపమనేవాడు. తను బండి కింద పడుకొని టై రాడ్ కీలు మీద అరచెయ్యి వేసి కళ్ళు మూసుకునేవాడు. నెత్తిన కొంగు కప్పుకొని, డ్రైవరు సీట్లో నిటారుగా కూర్చొని, అవ్వ ఎంతో శ్రద్ధగా ఆ చక్రాన్ని ఊపేది. ఆమె ఆ సీట్లో కూర్చోవడం ఆ ఒక్క పనికే. బండి నేర్చుకుంటానని నేనొకసారి అడిగితే, "నువ్వు టీచర్వి గావాలె, డ్రైవర్వి గాదు" అన్నాడు. తమ్ముడికి మాత్రం మీసాలు రాకముందే నేర్పాడు. వాడిప్పుడు భివండీలో సొంత బండి నడుపుకుంటున్నాడు.

మా ఆయన పోయాక, పిల్లలు లేని నేను తిరిగి బాపు దగ్గరికే వచ్చాను. అప్పటికి అవ్వ, బాపు ఉన్‌లో ఉండేవారు. తర్వాత అవ్వ కూడా పోయింది. మూడేళ్ళకు కంటిచూపు సన్నగిల్లిందని బాపు బండి తోలడం మానేశాడు. పికప్ గల్లీలో వేపచెట్టు పక్కన నిలబడిపోయింది. అమ్మేద్దామంటే వినలేదు. వారానికోసారి స్టార్ట్ చేసి, గల్లీ చివరిదాకా తీసుకెళ్ళి తెచ్చేవాడు. ఒకే గదిలో ఇద్దరం ఉన్నా మా మధ్య మాటలు తక్కువ. నేను బడికి పోతాను, వస్తాను, వండుతాను. "తిన్నవా?" అని ఆయన అడుగుతాడు. "తిన్న" అని పెదవులతో చెప్తాను. రోజులో చాలాసార్లు మా మాటలు అక్కడితో అయిపోయేవి.

లాక్‌డౌన్ పెట్టిన రోజు మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. పుట్టి బుద్ధెరిగాక సూరత్‌లో అలాంటి నిశ్శబ్దం నేనెరగను. బాపు మంచం మీంచి కాళ్ళు కింద పెట్టి, అరికాళ్ళతో నేలను తడిమి చూసి, "నేల సచ్చిపోయింది బిడ్డా" అన్నాడు. ఆ అదురు ఆగిపోయిందని ఆయన కాళ్ళకు తెలిసింది. ఆరు వారాలకు గల్లీ సగం ఖాళీ అయింది. రైళ్ళు దొరికినవాళ్ళు రైళ్ళకు, దొరకనివాళ్ళు నడిచి, ఊళ్ళకు పోయారు. ఉన్నవాళ్ళందరి మూతులకూ మాస్కులు. అదే బాపును దెబ్బతీసింది. పాలవాడు ఏదో అంటాడు, ఈయనకు గుడ్డ కదలడం తప్ప ఏమీ కనపడదు. మందుల కొట్టు దగ్గర, రేషన్ లైనులో, ఎదురింటి గుమ్మంలో ఎవరు మాట్లాడినా "ఏమన్నడు?" అని నా వైపు తిరిగేవాడు. నేను మాస్కు కిందికి లాగి చెప్పేదాన్ని. కొన్నాళ్ళకు అలా అడగడం కూడా మానేశాడు. గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చొని, దారిన పోయేవాళ్ళ కళ్ళు మాత్రం చూస్తుండేవాడు. ప్రపంచంలో నోరున్న మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను ఆయనకు.

పక్క గదిలో రజిత ఉండేది. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, సూరత్‌లోనే పుట్టి పెరిగింది. నెలలు నిండుతున్నాయి. భర్త తన తండ్రి దినాలకు ఊరెళ్ళి అక్కడే చిక్కుకుపోయాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి గోడ మీద తట్టి పలకరించేది.

"టెన్షన్ మత్ లో అంటడక్కా మా ఆయన ఫోన్ల. ఆయనకేంది, ఆడ కూసున్నడు. టెన్షన్ నా పొట్టల ఉన్నది" అని నవ్వేది. నవ్వాక కళ్ళు తుడుచుకునేది.

ఒకరోజు బాపు ఆమె నడకను చాలాసేపు చూసి, లోపలికొచ్చి అడిగాడు. "ఆ పిల్లకు నొప్పులొస్తే ఎట్ల?"

"అంబులెన్స్ వస్తది బాపూ."

"వస్తే మంచిదే. రాకుంటే? గల్లీకి రెండు దిక్కుల కట్టెలు కట్టిన్రు. ఆటోలు లెవ్వు. నడిపించుకపోతరా?"

 ఆయన తాళం చేతికిచ్చి, "పోయి బండ్ల కూసో" అన్నాడు. అవ్వ కూర్చునే చోట కూర్చున్నాను. సీటు రెగ్జిన్ ఎండకు కాలిపోతోంది. ఆయన చక్రం పక్కన కష్టంగా గొంతుక్కూర్చొని, లోపలికి చెయ్యి పోనిచ్చి, ఇంకో చేత్తో ఊపమని సైగ చేశాడు. బెత్తెడు అటు, బెత్తెడు ఇటు. అటు పక్కకూ పోయి చూశాడు. లేచి చేతులు దులుపుకున్నాడు.

"పోయినయ్. రెండు దిక్కుల పోయినయ్. గిట్లనే తీస్కపోతే మలుపుల చక్రం మన మాట ఇనది. కడుపుతోని ఉన్న పిల్లను గిండ్ల కూసోబెట్ట."

మా మెకానిక్ అంతకు రెండు వారాల ముందే యూపీకి వెళ్ళిపోయాడు. బాపుకు డెబ్బై ఎనిమిది. చేతులు వణుకుతాయి. కింద పడుకుంటే మళ్ళీ లేవడానికి ఇద్దరు పట్టాలి. ఆయన నా వైపు చూశాడు.

"నువ్వు చెయ్యి."

"నేనా?"

"ముప్పై ఏండ్లు పిల్లలకు లెక్కలు చెప్పినవ్. ఒక పానా తిప్పరాదా?"

సామాను కోసం సచిన్ అనే ఊరికి పోయే రోడ్డులోని స్పేర్ పార్ట్స్ కొట్టు సేఠ్‌కు ఫోన్ చేశాను. ముసలాయన. బాపును ఎరిగినవాడు. "నర్సుభాయ్‌ని గాడీ? ఏ హజీ చాలే ఛే?" అన్నాడు, మా బాపు నర్సు బండి ఇంకా నడుస్తోందా అని. నడవాలి, అందుకే అడుగుతున్నానన్నాను. మర్నాడు పాలకు వదిలే వేళలో నడిచి వెళ్తే, కొట్టు వెనక తలుపు జానెడు తెరిచి, రెండు కొత్త టై రాడ్ కొసలూ, పిన్నులూ, చిన్న డబ్బాలో గ్రీజూ మెట్టు మీద పెట్టి తను నాలుగడుగులు వెనక్కి జరిగాడు. "ధ్యాన్ రాఖ్‌జో, బెన్" అన్నాడు. జాగ్రత్తమ్మా అని ఆ మధ్య నాతో అన్న మనిషి ఆయనొక్కడే.

తమ్ముడి పాత ప్యాంటు వేసుకొని, నెత్తికి తువ్వాలు చుట్టుకొని బండి కిందికి దూరాను. వెనక చక్రాలకు రాళ్ళు అడ్డం పెట్టి, ముందు జాకీ ఎత్తి, చాసిస్ కింద మందపాటి కర్రదుంగలు పెట్టించాడు బాపు. జాకీని నమ్మొద్దని మూడుసార్లు చెప్పాడు. ఆయన చక్రం పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నాడు. అప్పుడు తెలిసింది అసలు ఇబ్బంది. నేను కింద ఉంటే నా పెదవులు ఆయనకు కనపడవు. నేనేమన్నా ఆయనకు వినపడదు. ఆయన చెప్పేది మాత్రం గల్లీ మొత్తానికి వినపడుతుంది. ప్రతి మాటకూ బయటికి పాక్కుంటూ వచ్చి, మొహం చూపించి మాట్లాడి, మళ్ళీ లోపలికి పోయాను. రెండుసార్లకే నడుము పట్టేసింది. బాపు ఆలోచించి, "నీ కాళ్ళు కనవడుతున్నయ్ గద. కుడి కాలు ఊపితే అయ్యింది, ఎడమ కాలు ఊపితే కాలేదు. రెండూ ఊపితే తెలుస్తలేదు" అన్నాడు. ఆ మధ్యాహ్నం దాకా నేను ఎక్కువగా రెండు కాళ్ళే ఊపాను.

మొదటి పిన్ను తుప్పు పట్టి రెండు ముక్కలయింది. కిరసనాయిలు పోసి, నానబెట్టి, మేకుతో పొడిచి మిగతాది తీశాను. నట్టు వచ్చింది కానీ కీలు రాలేదు. సుత్తితో దాని నెత్తిన కొట్టబోతే ఆయనకు నా మోచెయ్యి కనిపించినట్టుంది.

"కీలును గొట్టకు! దాన్ని పట్టుకున్న ఇనుప చెయ్యి ఉన్నది సూడు, దాన్ని గొట్టు. పక్కపొంటి. భయం లేకుండ గొట్టు!"

భయంతోనే కొట్టాను. తుప్పు పొట్టు కళ్ళల్లో పడింది. ఇరవయ్యో దెబ్బకో ముప్పయ్యో దెబ్బకో టప్పుమని ఊడి నా భుజం పక్కన వేలాడింది. కుడి కాలు ఊపాను. పైనుంచి "శెబ్బాష్!" అన్న కేక వచ్చింది. రజిత గది గుమ్మంలోంచి చప్పట్లు వినిపించాయి. తర్వాత మరలు విప్పేటప్పుడు ఎన్ని చుట్లకు ఊడుతుందో లెక్కపెట్టమన్నాడు. కొత్తది సరిగ్గా అన్నే చుట్లు ఎక్కాలి, లేకపోతే చక్రం పక్క చూపులు చూస్తుంది. పదకొండు దాకా లెక్కపెట్టి, చెమట తుడుచుకునే సరికి లెక్క తప్పాను. లెక్కల టీచరును! మళ్ళీ తుప్పు గుర్తు దాకా లోపలికి ఎక్కించి మొదటి నుంచి తిప్పాను. పదిహేడు. రెండో పక్క అరగంట గింజుకున్నా కదల్లేదు. నేను మడమలు నేలకు తన్ని బలం పెడుతుంటే బాపు స్టూలు మీంచి లేచి, "ఉల్టా చూడీ బిడ్డా! ఆ దిక్కు ఉల్టా ఉంటది!" అని అరిచాడు. అటు పక్క మరలు ఎదురు తిరుగుతాయట. అంతసేపూ నేను బిగించుకుంటూ ఉన్నాను.

ఎండ నెత్తి మీదికొచ్చాక బండి నీడలోనే కూర్చొని పెరుగన్నం తిన్నాం. నా చేతులు మోచేతుల దాకా నల్లగా ఉంటే ఆయనే ముద్దలు చేసి నా నోట్లో పెట్టాడు. తింటూ తింటూ, ఎప్పటిదో ఎందుకు గుర్తొచ్చిందో, "మీ బడిల పదమూడో ఎక్కం బాగ చెప్తవ్" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "నీకెట్ల తెలుసు?" అన్నాను పెదవులతో.

"రోడ్డు అవుతల బండి ఆపుతుంటి. కిటికి కాడనే గద నువ్వు నిలబడేది. నీ మూతి మంచిగ కనవడుతుండె. పిల్లలు తప్పు చెప్తే జర కోపం జేస్తవ్, మల్ల నవ్వుతవ్."

"ఎన్నిసార్లు వచ్చినవ్?"

"సరుకు ఆ దిక్కు ఉన్నప్పుడల్ల."

"లోపటికెందుకు రాలే?"

ఆయన గిన్నెలో మిగిలిన మెతుకులు వేలితో దగ్గరికి చేసుకున్నాడు. "నువ్వు రావద్దన్నవ్ గద" అన్నాడు. కోపంతో కాదు. పని పద్ధతి చెప్పినట్టు చెప్పాడు. ఆ మాట అన్నప్పుడు నాకు పన్నెండేళ్ళని చెప్పాలనిపించి, చెప్పలేక మళ్ళీ బండి కిందికి దూరాను. ఇరవై ఏళ్ళకు పైగా నేను కిటికీ పక్కన నిలబడి ఎక్కాలు చెప్తుంటే, రోడ్డవతల పికప్‌లో ఒక మనిషి కూర్చొని నా మాటలు చదువుకున్నాడు. ఆ కిటికీలోంచి నేను ఎన్నిసార్లు బయటికి చూసి ఉంటాను. ఒక్కసారి కూడా ఆ బండి నా కంట పడలేదు. కింద పడుకొని గ్రీజు రాస్తూ చాలాసేపు ఏడ్చాను. నా కాళ్ళు కదలకపోవడం చూసి ఆయన "ఏమైంది? అయ్యిందా, కాలేదా?" అని అడిగాడు. ఎడమ కాలు ఊపాను.

సాయంత్రం చక్రాలు బిగించాక, ఇంట్లో ఉన్న నూలు కండె తెచ్చి, వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా దారం లాగి పట్టుకోమన్నాడు. మగ్గం మీద పోగు సరిచూసినట్టే ఒక కన్ను మూసి చూశాడు. దారానికీ చక్రానికీ మధ్య ఎడం రెండు పక్కలా ఒకేలా వచ్చేదాకా అర చుట్టు, పావు చుట్టు తిప్పించాడు. చివర నన్ను సీట్లో కూర్చోబెట్టి స్టీరింగు ఊపమని, కీలు మీద అరచెయ్యి వేసి కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచాడు. ఆ అరచేతిని తెచ్చి నా చెంప మీద పెట్టాడు. నిండా గ్రీజు.

ఐదో రోజు, పొద్దున టీ పెడుతుండగా రజిత గోడ మీద తట్టింది. ఈసారి తట్టుడు ఆగలేదు. అంబులెన్స్‌కు ఫోన్ చేశాం, వస్తామన్నారు, కానీ ఆమె ఆగేలా లేదు. గల్లీ చివర కట్టెలు ఎవరో తప్పిస్తే బాపు బండి తీశాడు. మధ్యలో రజిత, ఇటు చివర నేను. ఆయన చూపు సరిగ్గా లేదు, వినికిడి అసలే లేదు. ఎడమన ఏదైనా వస్తే ఒకసారి, కుడిన వస్తే రెండుసార్లు ఆయన భుజం మీద తట్టాలని ఒప్పందం. రజిత వెనకగా చెయ్యి చాపి తడుతూ కూర్చున్నాను. నిజానికి తట్టాల్సిన అవసరం పెద్దగా రాలేదు. రోడ్లన్నీ ఖాళీ. నాకైతే అంతటి సూరత్‌లో మేం ముగ్గురమే మిగిలినట్టనిపించింది. పోలీసులు ఆపిన చోట, మాస్కు వెనక నుంచి కానిస్టేబుల్ ఏదో అడిగితే బాపు బిత్తరపోయి చూశాడు. నేను తల బయట పెట్టి చెప్పేలోపు రజిత పెట్టిన కేకకే కానిస్టేబుల్ అడ్డుకట్టె ఎత్తేశాడు. మలుపుల్లో బండి చెప్పినట్టు విన్నది. ఆస్పత్రిలో తోడుగా ఒక్కరినే రానిచ్చారు. నాలుగు గంటల తర్వాత నేను బయటికొచ్చేసరికి బాపు బండి పక్కన ఎండలోనే నిలబడి ఉన్నాడు. అంతసేపూ ఆయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు, చెప్పినా తెలియదు. నాలుగడుగుల దూరంలో ఆగి మాస్కు లాగి, "ఆడపిల్ల. ఇద్దరూ మంచిగున్నరు" అన్నాను. ఆయన అక్కడే, రోడ్డు అంచున కూలబడి నవ్వాడు.

ఆ తర్వాత నెలల్లో నాకు బండి నేర్పాడు. నేను అడగలేదు, ఆయనే ఒకరోజు తాళం ఇచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు. సచిన్ వైపు ఫ్యాక్టరీల రోడ్ల మీద, ఊరు మెల్లగా తెరుచుకుంటున్న ఆ రోజుల్లో, లేటు వయసులో నేను క్లచ్ నొక్కడం నేర్చుకున్నాను. రజిత భర్త తిరిగొచ్చాడు. మగ్గాలు మళ్ళీ మొదలయ్యాయి. అంతా అయిపోయిందనుకున్నాం.

రెండో ఏడు ఎండాకాలం బాపుకు జ్వరం వచ్చింది. మూడో రోజుకు ఆయాసం. నేనే బండి నడుపుకుంటూ ఆస్పత్రికి తీసుకెళ్ళాను. స్ట్రెచర్ మీద లోపలికి తీసుకుపోతుంటే, చుట్టూ తెల్లటి తొడుగులు, అద్దాలు, మాస్కులు. ఆయనతో వాళ్ళు మాట్లాడుతూనే ఉన్నారు, పాపం మంచిగానే. ఆయన ఒక్కో మాస్కు వంకా చూసి, చివరికి నా కోసం తల తిప్పాడు. అప్పటికి మధ్యలో తలుపు పడింది. చెవులు వినపడవని, పెదవులు చూసి మాట్లాడతాడని ఒక కాగితం మీద రాసి నర్సుకిచ్చాను. ఆమె కాగితం చదివి, నా కళ్ళల్లోకి చూసి, తన మాస్కును వేలితో తాకి, ఏం చెయ్యను అన్నట్టు చేతులు విప్పింది.

నాలుగో రోజు సాయంత్రం ఆ నర్సే వీడియో కాల్ చేసింది. నేను ఆస్పత్రి ఆవరణలో ఉన్నాను. ఫోన్లో బాపు మొహం, సగానికి ఆక్సిజన్ మాస్కు. నేను నా మాస్కు పూర్తిగా తీసేశాను. పక్కనుంచి ఎవరో "బెన్, మాస్క్!" అని కసిరారు. పట్టించుకోలేదు. గొంతు లేకుండా, మెల్లగా, "బాపూ, నేను కిందనే ఉన్న" అన్నాను. ఆయన కళ్ళు నా మూతి మీద నిలిచాయి. నాలుగు రోజుల తర్వాత ఒక మనిషి మాట ఆయనకు అందింది. ఆయన పెదవులు కదిలాయి. మాట రాలేదు, గాలి చాలడం లేదు. ఆవిరి పట్టిన ఆ ప్లాస్టిక్ వెనక ఆయన పెదవులను నేను చదివాను. అన్నేళ్ళలో ఆయన పెదవులు చదవడం నాకదే మొదటిసారి.

"తిన్నవా?"

"తిన్న."

తల అడ్డంగా ఊపాడు. నా మూతి చూసి అబద్ధం పట్టుకున్నాడు. "లేదు. పో. తిను."

"ఆవాజ్ నహీ ఆ రహీ హై క్యా?" అని నర్సు అడిగింది, ఫోన్ పాడైందేమోనని. లేదు, అన్నీ వినిపిస్తున్నాయన్నాను.

తెల్లవారి పోయాడని ఫోన్ వచ్చింది. మొహం చూడనివ్వలేదు. దూరంగా నిలబడి చూశాను. తమ్ముడు రాలేకపోయాడు. నేనొక్కదాన్నే వెళ్ళి, ఒక్కదాన్నే బండి నడుపుకుంటూ వచ్చాను. ఇప్పుడు ఆల్థాన్ ఫ్లాటులో అద్దాల కిటికీలు, చప్పుడు లోపలికి రాదు. బిందెలో నీళ్ళు వణకవు. పొద్దున్నుంచి రాత్రిదాకా ఎవరితోనూ మాట్లాడని రోజులుంటాయి. అప్పట్లో మా లింబాయత్ గదిలో చెవులు చిల్లులు పడే మోతలో కూడా ఎవరికేం కావాలో అందరికీ తెలిసేది. ఇక్కడ చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది, వినడానికి ఏమీ లేదు. మనుషులు మాస్కులు తీసేసి చాలా కాలమైంది. బస్సులో ఎదుటివాళ్ళ పెదవుల వంక తెలియకుండానే చూస్తుంటాను. కొందరు ఇబ్బందిపడి మొహం తిప్పుకుంటారు.

ఆయన చావు గురించి అడిగినవాళ్ళకు నేను ఆ తెల్లవారి సంగతే చెప్తాను. కానీ నాలో మిగిలింది దానికి ముందటి సాయంత్రం. కాల్ అయ్యాక గేటు బయటికి వచ్చాను. కొట్లన్నీ మూసి ఉన్నాయి. రోడ్డవతల ఎవరో దాతలు టేబుల్ వేసి, రోగుల మనుషులకు కిచిడీ పెట్టెలు ఇస్తున్నారు. లైనులో నిలబడి ఒకటి తీసుకున్నాను. బండిలో కూర్చొని మూత తీశాను. వేడిగా ఉంది, కాస్త తియ్యగా కూడా ఉంది. ఒక ముద్ద పెట్టుకున్నాను. నీళ్ళు తాగి మళ్ళీ పెట్టుకున్నాను. మెల్లగా, ఒక్క మెతుకు వదలకుండా, పెట్టె అడుగు దాకా తిన్నాను. అప్పటికి పైన ఆయన ఇంకా ఉన్నాడు.